డార్న్ అనే క్రియకు అత్త చెప్పిన అర్థం

జూన్ 4

అత్తా,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. వచ్చే నెల ఇరవయ్యో తేదీలోగా ఒక ఇంగ్లీషు మాటకు తెలుగులో సరైన అర్థం రాసివ్వకపోతే ఈ ఉద్యోగంలో నన్ను ఉంచుతారో లేదో తెలియదు. ఆ అర్థం తెలిసిన మనిషి నాకు నువ్వొక్కదానివే.

ముందు సూది పక్కన పెట్టు. గుండీల తాతగారు చదువుతుంటే నువ్వు సగం విని సగం దారం వైపు చూస్తావని నాకు తెలుసు. తాతగారూ, మీ గుండీల కొట్టు కట్టేసి మరీ వచ్చి చదివి పెడుతున్నందుకు మీకు నమస్కారం. ఇంగ్లీషు మాట వచ్చిన చోట కాస్త ఆగి చదవండి.

మా ఆఫీసు సంగతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇది నిఘంటువు ఆఫీసు. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు చెప్పే పెద్ద పుస్తకం ఇక్కడ తయారవుతోంది. రెండో అంతస్తులో పొడుగాటి గది. గోడల నిండా చిన్న చిన్న సొరుగులు, సొరుగుల నిండా అట్ట కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో మాట. ఆ మాటకు అర్థం ఏమిటి, దాన్ని ఎలా వాడతారు, అది ఎక్కణ్ణుంచి పుట్టింది, చివర ఆ వాడుక చూపించే వాక్యం ఒకటి. ఇవి నింపడమే మా పని. కొత్తవాళ్లకు ఆరు నెలల పరీక్ష ఉంటుంది. నాకు ఐదో నెల నడుస్తోంది. పెద్దాయన, అంటే మా ప్రధాన సంపాదకులు, నాకు నలభై మాటలిచ్చారు. ముప్పై తొమ్మిది గట్టెక్కాయి. నలభయ్యోది 'డార్న్'. అది క్రియ, అంటే చేసే పనిని చెప్పే మాట. చిల్లు పడిన బట్టను సూదీ దారంతో బాగుచేయడం. నీ రఫూ.

పాత నిఘంటువులో దానికి 'అతుకు వేయు, కుట్టు' అని ఉంది. నేనూ అదే కార్డు మీద ఎక్కించి ఇచ్చాను. పెద్దాయన చూసి, "అతుకు వేయడానికి ప్యాచ్ అని వేరే మాట ఉంది గదమ్మా. రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు పుట్టాయి?" అన్నారు. పద్నాలుగేళ్లు నీ మోకాలి పక్కన చాప మీద కూర్చుని చదువుకున్నదాన్ని, నువ్వు చేసే పని గురించి ఒక్క వాక్యం రాయలేకపోయాను. నువ్వు పని చేసినంతసేపూ నా తల పుస్తకంలోనే ఉండేదని ఇప్పుడు తెలిసింది.

కాబట్టి చెప్పు. చిల్లు పడిన బట్ట చేతికి రాగానే ఏం చేస్తావు? దారం ఎక్కణ్ణుంచి తీస్తావు? ఏదీ వదలకుండా చెప్పు, తాతగారు రాస్తారు.

అన్నట్టు, ఈ మాట వెతుకుతుంటే ఒక తమాషా దొరికింది. కొన్ని చోట్ల ఇంగ్లీషువాళ్లు తూనీగను 'రఫూ సూది' అంటారట. అబద్ధాలాడే పిల్లల పెదాలు తూనీగ వచ్చి కుట్టేస్తుందని పెద్దవాళ్లు భయపెట్టేవారట. నీకు ఈ సంగతి ముందే తెలియకపోవడం వల్ల బతికిపోయాను.

నీ నసపిట్ట

*

జూన్ 10

ఏమే నసపిట్టా,

నేను అత్తను. రాసేది గుండీల తాత. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని, సొంత తెలివి కలపకూడదని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

నిన్ను రఫూ పనికి పెట్టారా? తాత మూడుసార్లు చదివాడు, మూడుసార్లూ నాకు అదే వినపడింది. ఇరవయ్యో తేదీలోగా రఫూ అవ్వకపోతే ఉద్యోగం ఉండదని. ఇందుకా నిన్ను చదివించింది? గుండీ ఊడినా నీ చేతికి సూది ఇవ్వలేదే నేను! ఆ ఆఫీసులో బట్టలు అంతగా చిరిగిపోతుంటే మూట కట్టి నా పేరు మీద పంపించెయ్. చేసి పంపిస్తాను. మీ పెద్దాయనకు తెలియనివ్వకు. నువ్వు మాత్రం సూది ముట్టుకున్నావో, చెప్తున్నాను, వచ్చి మరీ తంతాను.

(అమ్మాయీ, నేను తాతని. ఉత్తరంలో అలా లేదని మొత్తుకున్నాను. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లంటోంది. చెప్పింది చెప్పినట్టు రాయమంది కాబట్టి రాశాను.)

ఇక ఆ అతుకు మాట. ఎవడే ఆ పుస్తకం రాసింది? అతుకంటే ఇంకో గుడ్డముక్క తెచ్చి పైన వేసి కుట్టడం. బస్తాలకు వేస్తారు అతుకులు. పోనీ కుట్టు అందామా, అదీ కాదు. కుట్టు రెండు అంచుల్నీ పట్టి దగ్గరకు లాగుతుంది. బట్ట మూతి ముడుచుకుంటుంది. నేను దేన్నీ లాగను. చిల్లు ఎంత ఉందో అంత బట్టను అక్కడే పుట్టిస్తాను. ముందు నిలువు దారాలు పరుస్తాను, అది పడుగు. తర్వాత అడ్డదారం ఒకదాని కిందికీ ఒకదాని పైకీ పోనిస్తాను, అది పేక. మగ్గం మీద ఏం చేస్తారో అదే. నా మగ్గం బొటనవేలంత, అంతే తేడా. దారం బజారులో కొనను. ఆ బట్ట లోపలి మడతలోంచే ఒక్కో పోగు లాగుతాను. ఏ బట్ట చిల్లు ఆ బట్ట పోగుతోనే పూడాలి. వెనక్కి తిరిగే చోట చిన్న మెలిక వదులుతాను. ఉతికితే దారం పొట్టిదవుతుంది గదా, మెలిక లేకపోతే అది పక్క గుడ్డను కూడా లాక్కుపోతుంది.

చాలా? ఇది నీకు చెప్పాను, ఊరందరికీ కాదు. చిల్లు ఎక్కడుండేదో మూడో మనిషికి తెలియదనే నమ్మకంతో జనం నా దగ్గరికొస్తారు.

తూనీగ వచ్చి అబద్ధాలకోరుల మూతులు కుట్టడం మొదలుపెడితే ముందు మా వీధి దర్జీలంతా మూగవాళ్లవుతారు. "రేపిచ్చేస్తా" అన్న మాట తప్ప వీళ్ల నోట ఇంకేం వస్తుంది?

వేళకు తిను. సూది వద్దు.

అత్త

*

జూన్ 15

అత్తా,

నా చేతిలో సూది లేదు, ఒట్టు. ఆ మాటకు అర్థం రాసే పని ఇచ్చారు గానీ ఆ పని చేయమనలేదు. మా ఆఫీసులో ఉన్నవి గుండుసూదులే, వాటిని కూడా సంతకం పెట్టి తీసుకోవాలి.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నువ్వు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టే ఉంది. అందులో మాటలే ఏరి కొత్త కార్డు రాశాను: 'చిల్లు పడిన చోట పడుగు పేకలుగా దారాలు అల్లి బట్టను తిరిగి నేయు.' పెద్దాయన చదివి కళ్లజోడు తీశారు. 'నేయు' కింద గీత గీశారు.

"ఎవరు చెప్పారు?"

"మా అత్త అండీ."

"నీకు పెళ్లెప్పుడయింది?"

గదంతా నవ్వింది. "మేనత్త అండీ, నన్ను పెంచిన మనిషి" అన్నాను. ఆయన నవ్వలేదు. "చూడమ్మాయీ, పాత పుస్తకంలో అచ్చయిన అర్థాన్ని కొట్టేయాలంటే మాట చాలదు, చూపించాలి. ఆవిడ చేసిన పని ఒకటి తెప్పించు. అతుకో, కుట్టో, నేతో చూస్తే తెలిసిపోతుంది" అన్నారు. న్యాయమైన మాటే. ఆయన ఎవరినీ ఊరికే నమ్మరు, తనని తాను కూడా. తను ముప్పై ఏళ్ల కిందట రాసిన కార్డులు తీసి తనే కొట్టేస్తుంటారు.

పుట్టుక సంగతి నీకు చెప్పాలి. ఈ క్రియ ఇంగ్లీషులో కనపడి సుమారు నాలుగు వందల ఏళ్లు. అంతకు ముందు ఎక్కడుందో పండితులకే తేలలేదు. కొందరు పొరుగు భాషలో 'ముక్క' అనే మాట నుంచి వచ్చిందంటారు. ఇంకొందరు పాత ఇంగ్లీషులో 'దాచు, రహస్యంగా ఉంచు' అనే క్రియ నుంచి వచ్చిందంటారు. పెద్దాయనకు మొదటిది ఇష్టం. నీ గదిలో పెరిగినదాన్ని కాబట్టి నాకు రెండోదే నిజమనిపిస్తుంది. అనిపించడంతో పని జరగదు గనక 'నిశ్చయంగా తెలియదు' అని రాసి రెండు మాటలూ పక్కపక్కన పెట్టాను.

వాడుకకు వస్తే, వాళ్లు దీన్ని ఎక్కువగా మేజోళ్లకూ ఉన్ని బట్టలకూ వాడతారు. విసుగొచ్చినప్పుడు తిట్టుకు బదులు కూడా ఇదే శబ్దం పలుకుతారు గానీ అది వేరే మాట, వేరే కార్డు. దాన్ని పక్క బల్ల అమ్మాయికిచ్చారు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా విసుక్కుంటూ ఉంటుంది, తగిన మనిషికే ఇచ్చారు.

నువ్వు చేసిన రఫూ ఉన్న గుడ్డ ఒకటి పంపు అత్తా. ఎవరి బట్టో నేను అడగను.

నసపిట్ట

*

జూన్ 20

పిల్లా,

సూది కాదని తెలిశాక తాత నన్ను చూసి రెండు రోజులు నవ్వాడు. నవ్వనీ.

గుడ్డ పంపుతున్నాను. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు. చేతికందింది తీసి పెట్టింది కాదు, పెట్టె అడుగు నుంచి వెతికి తీశాను. నా చేతిలో ఇంతకంటే మంచి పని ఇంతవరకూ జరగలేదు. మీ పెద్దాయనకు చూపించి ఏమన్నాడో వెంటనే రాయి.

అత్త

*

జూన్ 26

అత్తా,

కోపంగా రాస్తున్నాననుకోకు అని మొదలుపెట్టబోయాను. కోపంగానే రాస్తున్నాను.

నీ పొట్లం వచ్చిన రోజు అందరికీ ముందే చెప్పి పెట్టుకున్నాను. పెద్దాయన బల్ల మీద గుడ్డ పరిచారు. దీపం కిందికి లాగారు. భూతద్దం తెప్పించారు. నలుగురు తలలు కలిపి వంగారు.

"ఎక్కడమ్మా రఫూ?"

"ఇందులోనే ఉందండి."

"అదే, ఎక్కడ?"

తిరగేశారు. కిటికీకి ఎత్తి వెలుతురులో చూశారు. నేనూ చూశాను. అడ్డంగా నిలువుగా వేలితో తడిమాను. అంతా ఒకటే తెల్ల గుడ్డ, చిల్లు లేదు, మరమ్మత్తు లేదు. పక్క బల్ల అమ్మాయి, "పాపం మీ అత్త చేతి రుమాలుకని గుడ్డ పంపింది, కుట్టించుకో" అంది. పెద్దాయన గుడ్డను మడతలు చెడకుండా మడిచి నా చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది.

పని బయటపెట్టడం నీకు ఇష్టం లేదని మొదటి ఉత్తరంలోనే అన్నావు. లేకపోతే లేదని చెప్పేయాల్సింది. మంచి పని అంటూ ఖాళీ గుడ్డ పంపి నన్ను నలుగురిలో నిలబెట్టావు. లేక ఒక గుడ్డ బదులు ఇంకోటి పెట్టావా? అదైనా చెప్పు.

ఇంకా సమయం ఉంది. తెల్ల గుడ్డకు ఏదైనా ముదురు రంగు దారంతో, కనపడేలా, సగం చేసి సగం వదిలేసి పంపు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా ఉండాలి.

నసపిట్ట

*

జూలై 1

అమ్మాయిగారికి,

మీరు దయతో రాసిన ఉత్తరం చేరింది. మేము ఖాళీ గుడ్డలు పంపేవాళ్లమని మీ ఆఫీసు తేల్చినందుకు సంతోషం. చదువుకున్నవాళ్లు, దీపాలూ అద్దాలూ ఉన్నవాళ్లు, మీకు తెలియనిది ఏముంటుంది?

కనపడితే అది రఫూ ఎలా అవుతుందండీ? కళ్లతో వెతికారట, కళ్లతో! కళ్లు మోసపోవాలనే గదా నేను మెడలు పడిపోయేలా కూర్చుని చేసింది. భూతద్దానికి దొరికితే ఆ పని మానేసి అరుగు ఊడ్చుకుంటాను. నీకు వెతకడం రాకపోతే అడగాలి. అడక్కుండా ఖాళీ గుడ్డంటావా?

కళ్లు మూసుకో. గుడ్డను కింది పెదవికి ఆనించి మెల్లగా లాగు. వేలి చర్మం మొద్దు, దానికి తెలియదు. పెదవికి తెలుస్తుంది. నేనూ అలాగే పరీక్షించుకుని ఇస్తాను, నాకు తగిలితే విప్పి మళ్లీ చేస్తాను.

రంగు దారంతో చెయ్యను. నలభై ఏళ్లలో చెడ్డపని చేసి పెట్టమని నన్ను ఎవరూ అడగలేదు. అడిగింది నువ్వే.

ఇట్లు,
మీ మేనత్తగారు

(అమ్మాయీ, ఆమె టీ తాగడానికి వెళ్లింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆ గుడ్డ నీ బడి చొక్కా వీపు. ఏటా వేసవిలో కొత్త చొక్కా కొన్నానని నీకు చెప్పేదే, కొనలేదు. మొదటే పెద్ద కొలతకు కుట్టించి లోపలికి మడిచింది. ఏడాదికింత మడత వదిలేది, చిల్లులు పూడ్చేది, గంజి పెట్టేది, నా దగ్గర కొత్త గుండీలు తీసుకుని మార్చేది. గుండీలు మెరిస్తే చొక్కా కొత్తదే అనేది. మూడేళ్లు ఒకటే చొక్కా. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. వస్తోంది, ఆపుతున్నాను.)

*

జూలై 6

అత్తా,

నువ్వు నన్ను మీరు అన్నావు. ఆ ఒక్క మాట చాలు నాకు.

నీ ఉత్తరం మొన్న మధ్యాహ్నం వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి కళ్లు మూసుకుని గుడ్డను పెదవికి ఆనించి లాగాను. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక చోట, ఎలా చెప్పను, నున్నగా పోతున్న గుడ్డ ఒక్క క్షణం ఊపిరి పీల్చినట్టు అనిపించింది. అక్కడ గుండుసూది గుచ్చాను. మళ్లీ లాగాను. ఏడు చోట్ల దొరికింది అత్తా. ఏడోది మూడోసారికి గానీ పట్టుబడలేదు.

పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. పెదవితో చూడాలని ఆయనకు చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం లేచి తలుపు వేసి, కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని గుడ్డ పెదవికి పెట్టుకున్నారు. అంతలో పక్క బల్ల అమ్మాయి కాగితాలు పట్టుకుని తలుపు తోసింది. ఆమె ముఖం నువ్వు చూడాల్సింది. ఆయన తొణకలేదు. "రండి, మీరూ పట్టండి" అన్నారు. సాయంత్రానికి ఆఫీసంతా ఆ గుడ్డకు మూతులు ఆనించింది. పెద్దాయనకు ఐదు దొరికాయి. ఆ అమ్మాయికి రెండే. "మీ అత్తకు నేను అన్న మాట రాశావా?" అని అడిగింది. రాశానన్నాను. తల పట్టుకుంది.

నాన్న లారీ మీద దూరాలు పోతూ నన్ను నీ దగ్గర వదిలినప్పటి నుంచీ ఏ లోటూ లేదనే అనుకున్నాను. తాతగారు చెప్పేశారు అత్తా, ఆయన్ని ఏమీ అనకు. బడి తెరిచిన రోజు గంజి వాసనేసే చొక్కాతో, మెరిసే గుండీలతో ముందు వరసలో కూర్చునేదాన్ని. మా ఇంట్లో ఏటా కొత్తవి కొంటారని చెప్పుకునేదాన్ని. నేను చెప్పుకున్న ప్రతి గొప్ప వెనకా నువ్వు వంగి కూర్చుని ఉన్నావు. ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. ఇప్పుడు ఆ గుడ్డ నా ముందు ఉంది. దీనికి ఏమని చెప్పను? థాంక్స్ అంటే కొట్టు మెట్ల మీద ఎవరో అన్నట్టుంటుంది. నీ చేతుల్ని కళ్లకద్దుకున్నానని అనుకో.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. చెప్పకపోతే ఈ కృతజ్ఞత నిజం కాదు. మా తరగతిలో మోచేతి దగ్గర అతుకు ఉన్న చొక్కాతో ఒక పిల్ల వచ్చేది. ఒకరోజు నా పక్కన కూర్చుంది. నేను జరిగాను. ఆమె చూసింది. మర్నాటి నుంచి వెనక బల్లకు వెళ్లిపోయింది. నాదీ చిరిగిన చొక్కానే అని తెలిసి ఉంటే నేను జరిగేదాన్ని కాదు. ఇది నీ తప్పు కాదు, నాదే. ఈ రెండు రోజులుగా ఆ పిల్లే కళ్లముందు ఉంది.

కార్డు సంగతి ఇలా తేలింది. 'అతుకు' కొట్టేశారు. పూడిన చోట రెండో గుడ్డ లేదని ఒప్పుకున్నారు. కుట్టో నేతో మాత్రం ఆ గుడ్డ చెప్పదు, అంత బాగా చేశావు. కాబట్టి 'కుట్టు' అనే అచ్చవుతుంది. నా పరీక్ష ఎలా తేలుతుందో ఇరవయ్యో తేదీన చెప్తారు. రంగు దారం మాట మర్చిపో. అడగకూడనిది అడిగాను.

నీ మేనకోడలు

*

జూలై 12

నసపిట్టా,

తాతతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఉత్తరం రాయాలంటే ఆయనే దిక్కు కాబట్టి ఇవాళ మాట్లాడాను.

ఆ అతుకు చొక్కా పిల్ల గురించి విన్నప్పటి నుంచి నాకు పని చేతికి రాలేదే. నేను దాచింది నువ్వు తలెత్తుకు తిరగాలని. పక్కపిల్లను చూసి జరగాలని కాదు. జరిగింది నువ్వే, కాదనను. కానీ ఆ చొక్కా వేసి పంపింది నేను గదా. చినిగితే సిగ్గుపడాలని నీకు నేను నోటితో ఎప్పుడూ చెప్పలేదు, చేత్తో చెప్పాను. ఒక్కసారైనా నిన్ను కూర్చోబెట్టి "ఇదిగో చినిగింది, ఇదిగో ఇలా బాగుచేస్తున్నా చూడు" అని ఉంటే? అనలేదు. సరే, ఇప్పుడు చూడు.

ఈ పొట్లంలో తెల్ల గుడ్డ ఉంది, ఎర్ర దారంతో చేశాను. మూడు చిల్లులు నేనే కోశాను. మొదటి దాంట్లో పడుగు మాత్రమే. రెండో దాంట్లో పేక సగం దాకా, సూది కూడా తీయకుండా దారంతోనే వదిలాను, జాగ్రత్త, గుచ్చుకుంటుంది. మూడోది పూర్తి. మలుపుల దగ్గర మెలికలు చూడు, పెద్దవే వదిలాను, మీ పెద్దాయన కోసం.

లోపల కాదు, కొట్టు ముందర ఎండలో కూర్చుని చేశాను. ఎదురు దర్జీ వచ్చాడు. "ఏమ్మా, కళ్లు తగ్గాయా? తెల్లదానికి ఎర్ర దారమేంటి?" "నా కోడలు పిల్ల ఆఫీసుకు" అన్నాను. "ఓహో, అక్కడ తగ్గాయన్నమాట" అన్నాడు. జనం మూగారు. ఎవరో కుర్రాడు తన ప్యాంటుకు కూడా అలా ఎర్రగా చేసి పెట్టమన్నాడు, తరిమాను.

ఒక మాట చెప్తాను, ఎవరికీ చెప్పకు. మూడుసార్లు విప్పి మళ్లీ చేశాను. ఎవరికీ కనపడని పని నలభై ఏళ్లు చేశాను, అలవాటైపోయింది. కనపడే పనికి ప్రతి పోగూ జవాబు చెప్పాలి. ఇది చెడ్డపని అన్నాను గదా, కాదు. ఇదే కష్టం.

రిజిస్టరు పోస్టులో పంపిస్తున్నాను.

అత్త

(ఆమె నవ్వుతోంది అమ్మాయీ. నా గుండీల పెట్టెలో ఎర్ర గుండీ ఒకటి అడిగి తీసుకుని మూడో చిల్లు పక్కన కుట్టింది. ఎందుకని అడిగితే, ఊరికే అంది.)

*

జూలై 21

అత్తా,

ముందు నీ పేరు చెప్పి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

పొట్లం పదిహేడో తేదీన చేరింది. ఈసారి దీపం అక్కర్లేకపోయింది. పెద్దాయన గుడ్డను బల్ల మీద పెట్టి సూది ఉన్న చోట చాలాసేపు చూశారు. సగంలో ఆగిన పేకను సూదితోనే ఇంకో రెండు పోగులు పోనిచ్చి చూడాలనుకున్నారు. ఒకటి కిందికి పోనిచ్చారు, రెండోదీ కిందికే పోయింది. "తప్పు పోయింది" అన్నారు చిన్నపిల్లాడిలా. నేను దాన్ని వెనక్కి లాగాను. మన ఇంటి పిల్లకు రఫూలో తెలిసింది అంతవరకే అనుకో. ఆయన కలం తీసి 'కుట్టు' అన్న మాట ఆయన చేత్తోనే కొట్టేశారు.

అచ్చుకు పోబోయే కార్డు నీకోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. తాతగారూ, నెమ్మదిగా చదవండి.

'డార్న్. క్రియ. చిల్లు పడిన బట్టలో, వీలైతే ఆ బట్ట పోగులతోనే, ముందు పడుగు పరిచి, దానిలో పేక అల్లి, పోయిన మేర బట్టను తిరిగి నేయు, రఫూ చేయు. అతుకు వేయడం, కుట్టడం దీనికి అర్థాలు కావు. ముఖ్యంగా మేజోళ్లు, ఉన్ని బట్టల విషయంలో వాడుక. పుట్టుక నిశ్చయంగా తెలియదు. ముక్క అనే అర్థం గల మాట నుంచి కావచ్చు, దాచు అనే అర్థం గల పాత క్రియ నుంచి కావచ్చు.'

ఇందులో నా సొంత మాటలు చాలా తక్కువ. 'పోయిన మేర బట్టను తిరిగి నేయు' నువ్వు చెప్పిందే, కాస్త తల దువ్వి నిలబెట్టాను. నిన్న పెద్దాయన పిలిచి, వచ్చే నెల నుంచి నేను ఇక్కడ పక్కా ఉద్యోగినని కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీద నా పేరు ఒక్కటే ఉంది. అది చాలా తప్పుగా కనపడింది నాకు. మన ఇంట్లో నాకు ముందు ఎవరూ బడి మెట్లెక్కలేదని అందరికీ చెప్పుకునేదాన్ని. ఇవాళ పుస్తకానికి పాఠం చెప్పింది బడి ముఖం చూడని మనిషే. ఈ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, నేనే చెప్పాను. ఎర్ర దారం గుడ్డ మా సొరుగులో ఆ కార్డు వెనకే ఉంటుంది. ఇక ఎవరైనా అనుమానపడితే తీసి చూపిస్తారు.

ఇంక ఒక్కటే మిగిలింది, దానికోసమే ఈ ఉత్తరం. కార్డు చివర వాడుక చూపించే వాక్యం ఉండాలి. నేను రాసింది ఇది: 'అత్త నా బడి చొక్కాకు రఫూ చేసింది, అది చిరిగిందని నాకే తెలియలేదు.' పెద్దాయన చదివి, వాక్యం బాగుందన్నారు. తర్వాత, "బతికున్న మనిషి దాచుకున్న సంగతి ఇది. ఆవిడ సరేనంటేనే ఉంచుదాం" అన్నారు.

నాకైతే ఉండాలని ఉంది. ఎక్కడో ఒక పిల్ల ఈ మాటకు అర్థం వెతుక్కుని, పుస్తకం మూసి, పక్కపిల్ల మోచేతి వైపు చూసి, జరక్కుండా కూర్చుంటుందేమోనని ఆశ. కానీ అది నా ఆశ. దాచింది నువ్వు, కాబట్టి విప్పాలో వద్దో చెప్పాల్సిందీ నువ్వే. నువ్వు వద్దంటే మేజోళ్ల మీద ఇంకో వాక్యం రాసి పెట్టాను. అదీ సరైనదే, ఎవరికీ ఏ లోటూ కనపడదు. నీ మీద నాకు రవ్వంత కూడా కోపం ఉండదు.

ఆ పేజీ ఈ నెల ముప్పయ్యో తేదీ సాయంత్రం అచ్చుకు వెళ్లిపోతుంది. ఆలోగా నాకు అందేలా ఒక్క ముక్క రాయించు అత్తా, ఉంచమనో, తీయమనో.

నీ నసపిట్ట